సొంత వాడకం

సెప్టెంబరు ఆఖరి వారం.
పుదుపేట నుంచి వరదరాజులు వచ్చి
పసుపు గుడ్డసంచి నా బల్ల మీద బోర్లించాడు.
బిల్లులు. గ్రీజు మరకలవి, మడతల్లోంచి ఇసుక రాలేవి,
ఒకటి బిర్యానీ నూనె పీల్చి అద్దమైపోయింది.

"ఇదంతా ప్రకటన ఖర్చమ్మా" అన్నాడు
కుర్చీ అంచున కూచుని,
పరీక్ష రాసొచ్చిన పిల్లాడిలా.

ఇరవై రెండేళ్లుగా బ్రేకులమ్మే మనిషి.
లైనింగులు, డ్రమ్ములు, డిస్కులు,
ఆగడానికి కావలసినవన్నీ
ఆయన కొట్లో అరలనిండా ఉంటాయి.
నెలకో ఆదివారం మాత్రం
పూనమల్లి దాటి ఇరుంగాట్టుకోట్టైకి పోయి
పాత ఎస్టీమ్‌లో కూచుని
ఆగకపోవడాన్ని కొనుక్కుంటాడు.

పెన్సిలు తీశాను.
టైర్లు నాలుగు, నలభై నాలుగు వేలు.
ఎంట్రీ ఫీజు. నిప్పంటని చేతి తొడుగులు.
కారుని మోసుకెళ్లిన లారీకి అద్దె, పోనూ రానూ.
పక్కటెముక ఎక్స్‌రే.
"ఇదీ ప్రకటనేనా?"
"ఆ రోజు అందరూ నన్నే చూశారమ్మా."

చట్టం అడిగేది చిన్నమాటే:
పూర్తిగా, కేవలం, వ్యాపారం కోసమేనా అని.
ఆ మాట ముందు
నా దగ్గరికొచ్చిన ఏ జీవితమూ
ఇంతవరకు నిటారుగా నిలబడలేదు.
ఒకాయన కుక్కని వాచ్‌మన్ జీతంలో చూపించాడు.
ఇంకొకాయన తన షష్టిపూర్తిని
డీలర్ల సమావేశమన్నాడు.

కారుకి తరుగుదల ఎంతన్నాడు.
ఏడాదికి పదిహేను శాతమన్నాను.
"మరి నాకెంతిస్తారు?
మొన్నటికి యాభై ఒకటి నిండాయి."

కళ్లతో చూడందే సంతకం పెట్టనన్నాను.
ఆదివారం తొమ్మిదికల్లా ట్రాక్ దగ్గరున్నాను
గొడుగు, మజ్జిగ సీసా, లెక్కల పుస్తకంతో.
ప్రేక్షకులు ముప్పై ఒక్కమంది, లెక్కపెట్టాను,
రెండు చెవులూ మూసుకున్న ఒక పాపతో కలిపి.
వాళ్లలో బ్రేకులు కొనేవాళ్లెందరో తెలీదు.

పధ్నాలుగు కార్లు.
ఆయనది పదకొండో నంబరు, పధ్నాలుగో స్థానం.
తలుపుల మీద కొట్టు పేరు మూడు భాషల్లో రాయించాడట.
నా ముందునుంచి వెళ్లినప్పుడల్లా
ఎరుపు, పసుపు, ఒక గీత, అంతే.
అంత వేగంలో ఏ అక్షరం అక్షరంగా ఉంటుంది?
వెనక డిక్కీ మీదది అసలైన ప్రకటన,
అది తప్పక చూడమన్నాడు.
అది చదవాలంటే ఆయన వెనక ఒకడుండాలి.
ఎవరూ లేరు.

ఆరో చుట్టులో
మలుపు దగ్గర వెనక చక్రాలు మాట వినలేదు.
కారు ఒకసారి తిరిగి, ఇంకోసారి తిరిగి,
కంకరలో కూరుకుపోయి
సరిగ్గా నా ఎదురుగా వీపు తిప్పి ఆగింది.

దుమ్ము మెల్లగా దిగింది.
డిక్కీ మీద గుండ్రటి తెలుగు అక్షరాలు:
నిదానమే ప్రధానం.

నవ్వానో అరిచానో నాకే తెలీదు.
తలుపు తోసుకుని బయటపడి హెల్మెట్ తీశాడు.
చెమటలో ముంచి తీసిన మొహం.
ఆ మొహాన్ని పుదుపేట కొట్లో చూడలేదు,
నా బల్ల ముందూ చూడలేదు.
దాన్ని ఏ పద్దులో రాయాలి?

సోమవారం అన్నిటినీ ఒకే పద్దులోకి తోశాను:
సొంత వాడకం.
టైర్లు, తొడుగులు, లారీ, ఎక్స్‌రే, బిర్యానీ.
పన్ను ఎంత పెరుగుతుందో చెప్పాను.
బేరమాడతాడనుకున్నాను.
కళ్లజోడు పెట్టుకుని ఆ రెండు మాటలూ
పైకి చదివాడు, ఎవరో బిరుదిచ్చినట్టు.
"సొంతమే అమ్మా.
మిగతాదంతా కొట్టుదేగా."

ఒక్క బిల్లు మాత్రం పక్కకి తీశాను.
పెయింటర్ సెల్వం చేతిరాత రసీదు,
అక్షరాలకి పద్దెనిమిది వందల యాభై.
ప్రకటన ఖర్చు కింద వేశాను.
రేపెవరైనా అడిగితే
చదివిన మనిషిని నేనేనని చెప్తాను.